కాపీక్యాట్‌లో పిల్లి ఎక్కడిది? ఒక ఇంగ్లీషు మాట అర్థం, పుట్టుక తేల్చుకునే పద్ధతి

ఎదుటివాళ్లను చూసి అచ్చం అలాగే చేసేవాళ్లను ఇంగ్లీషులో 'కాపీక్యాట్' అంటారు. తెలుగులో అర్థం చెప్పమంటే 'అనుకరించేవాడు' అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కానీ 'అనుకరించేవాడు' అన్నదాంట్లో తిట్టు లేదు, కాపీక్యాట్‌లో ఉంది. పెద్ద తిట్టేం కాదు, బడిలో పిల్లలు ఒకరినొకరు ఉడికించుకునే స్థాయిది. అయినా తిట్టే. సభలో గురువుగారిని పొగుడుతూ "ఐ యామ్ హిజ్ కాపీక్యాట్" అంటే వినేవాళ్లు ఏమనాలో తెలియక ఇబ్బందిగా నవ్వుతారు.

అనుకరణకు ఇంగ్లీషులో మాటలు చాలానే ఉన్నాయి. వాటిలో చాలామటుకు చెప్పే పని ఒకటే. తేడా అంతా చూపులో ఉంటుంది: అది మెచ్చుకోలా, వెక్కిరింపా, నేరం మోపడమా అన్నది. ఆ చూపును పట్టుకోవడం ఎలాగో, మాట పుట్టుకను కట్టుకథల్లో పడకుండా వెతకడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. కాపీక్యాట్‌నే ఉదాహరణగా పెట్టుకుందాం.

ముందు అర్థం, తర్వాతే పుట్టుక

చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. పుట్టుక తెలిస్తే అర్థం దానంతటదే తెలుస్తుందనుకుంటారు. తెలియదు. 'కాపీ' మూలం లాటిన్‌లో 'సమృద్ధి' అని తెలుసుకున్నంత మాత్రాన కాపీక్యాట్‌ని ఎక్కడ వాడాలో ఎవరికీ బోధపడదు. మాట ఇప్పుడు ఏ అర్థంలో నడుస్తోందో ముందు ఖాయం చేసుకోవాలి.

ఇందుకు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చాలదు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ఇంగ్లీషులోనే రాసిన నిఘంటువు తెరవండి. అర్థానికి ముందు చిన్న అక్షరాల్లో 'ఇన్‌ఫార్మల్', 'డిసప్రూవింగ్' లాంటి ముద్రలు ఉంటాయి. మొదటిది మాట్లాడే భాషకు చెందిన మాట అని చెబుతుంది, రెండోది అందులో నిరసన ఉందని చెబుతుంది. చాలామంది వీటిని దాటేసి నేరుగా అర్థంలోకి వెళ్లిపోతారు. అనుకరణ మాటల విషయంలో అసలు సంగతి ఆ ముద్రల్లోనే ఉంటుంది.

తర్వాత వేర్వేరు చోట్ల నుంచి ఓ పది వాక్యాలు పోగెయ్యండి. పిల్లల కథల నుంచి కొన్ని, వార్తల నుంచి కొన్ని, వ్యాపార పత్రికల నుంచి కొన్ని. పదీ ఒకే రకం చోటు నుంచి తీస్తే అర్థం ఒక పక్కకే ఒరిగిపోతుంది. కాపీక్యాట్‌కు ఇలా చేస్తే మూడు వాడుకలు తేలతాయి. పిల్లల మాటల్లో అది 'నన్ను చూసి చేస్తున్నావ్' అనే ఫిర్యాదు. వార్తల్లో 'కాపీక్యాట్ క్రైమ్' అంటే అంతకుముందు బయటపడిన ఒక నేరాన్ని చూసి, అదే తరహాలో ఇంకొకరు చేసినది. వ్యాపారంలో 'కాపీక్యాట్ ప్రొడక్ట్' అంటే పేరున్న సరుకు రంగు, ఆకారం, డబ్బా తీరు చూసి దాన్ని పోలేలా తయారుచేసినది. మూడింటిలోనూ సొంత బుర్ర వాడలేదన్న ఆక్షేపణ ఉంది. మనిషి మీద వాడినా వస్తువు మీద వాడినా అది పోదు.

అనుమానం మిగిలితే ఒక చిన్న పరీక్ష చేయండి. వాక్యంలో కాపీక్యాట్ ఉన్న చోట 'ఫాలోవర్' పెట్టి చదవండి. వాక్యంలో కోపం చల్లారిపోతే, ఆ కోపం ఈ మాట తెచ్చినదే. కోపం అలాగే ఉంటే అది చుట్టూ ఉన్న మాటలది. ఏ అనుకరణ మాటకైనా ఈ పరీక్ష పనికొస్తుంది.

మాటను రెండుగా విడగొట్టడం

పుట్టుక వెతికేటప్పుడు జంట మాటను ముందు విడదీయాలి. ఏ ముక్క చరిత్ర ఆ ముక్కది. రెండూ కలిసిన రోజు వేరే విషయం.

'కాపీ' కథ పెద్దది. లాటిన్‌లో 'కోపియా' అంటే సమృద్ధి, పుష్కలంగా ఉండటం. ఇంగ్లీషులో 'కోపియస్' (పుష్కలమైన) అనే మాట, సంపదలు పొంగిపొర్లే కొమ్ముకు చెప్పే 'కార్నుకోపియా' దీని సంతానమే. సమృద్ధి నకలుగా ఎలా మారింది? 'కోపియా'కు 'వీలు, అవకాశం' అనే అర్థం కూడా ఉండేది. ఒక రాతను చూసి రాసుకునే వీలు కల్పించడాన్ని లాటిన్‌లో ఈ మాటతోనే చెప్పేవారు. మధ్యయుగపు లాటిన్‌కు వచ్చేసరికి ఆ వీలుతో రాసుకున్న ప్రతికే 'కోపియా' అనే పేరు స్థిరపడింది. అచ్చుయంత్రం లేని కాలంలో పుస్తకం పెరగాలంటే ఎవరో ఒకరు కూర్చుని చేత్తో రాయాలి కదా. ఒక ప్రతి పది అయితే అది సమృద్ధే మరి. అక్కడి నుంచి పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి 'కాపీ' చేరింది. మొదట రాతప్రతి అనే అర్థమే. 'మనిషిని చూసి అలాగే చేయడం' అనే అర్థం 17వ శతాబ్దంలో గాని రాలేదు.

ఈ వరుస గుర్తుంటే ఇంకొన్ని మాటలు వాటంతటవే విడిపోతాయి. పత్రికల వాళ్లు అచ్చుకు ఇచ్చే రాతను 'కాపీ' అంటారు. ప్రకటనలకు అలాంటి రాత రాసేవాడు 'కాపీరైటర్'. ప్రతులు తీసే హక్కు 'కాపీరైట్'. ఒకదాని చివర 'రాయడం', ఇంకోదాని చివర 'హక్కు'. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఇంగ్లీషులో రాసేటప్పుడు స్పెల్లింగు తారుమారవుతుంటుంది. ప్రతులు తీసే హక్కును రచయితకు కట్టబెట్టిన మొదటి చట్టం 1710లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చింది. చూశారుగా, 'కాపీ' అనేది పుట్టుకతో తప్పుడు మాట కాదు. చేతిరాత దిద్దుకునే పుస్తకం 'కాపీబుక్'. క్రికెట్‌లో పద్ధతి తప్పకుండా ఆడిన దెబ్బను 'కాపీబుక్ షాట్' అంటారు. అది శుద్ధమైన పొగడ్త. కాపీబుక్‌ మెప్పుగా నిలిచింది, కాపీక్యాట్ తిట్టుగా స్థిరపడింది. అంటే తిట్టంతా పిల్లి వైపు నుంచి వచ్చిందన్నమాట.

'క్యాట్' అనే మాట పాత ఇంగ్లీషు నుంచీ ఉంది. చివరి కాలపు లాటిన్‌లోని 'కాటుస్'కు బంధువు. మనకు కావలసింది జంతువు కాదు, ఆ పేరుతో మనిషిని పిలవడం. మధ్యయుగాల నుంచే ఇంగ్లీషులో మనిషిని, ముఖ్యంగా ఆడవాళ్లను, చులకన చేయడానికి 'క్యాట్' అనేవారు. పిల్లల మాటల్లో పిరికివాణ్ని 'స్కేర్డీ క్యాట్' అని ఏడిపిస్తారు. అక్కడా ఇదే అచ్చు: ముందు గుణం, వెనక పిల్లి. పిల్లులు ప్రత్యేకంగా పిరికివని కాదు, ఏడిపించడానికి ఆ తోక తగిలించారంతే.

మనకు ఇది కొత్తేమీ కాదు. 'కోతలరాయుడు' అన్నప్పుడు ఆ రాయుడు ఎవరని ఎవరూ అడగరు. రాయుడు అక్కడ వెటకారపు తోక. ఇంగ్లీషు పిల్లి చేసే పని దాదాపు అదే.

మొదట ఎక్కడ అచ్చయింది

రెండు ముక్కలు ఎప్పుడు కలిశాయో తెలియాలంటే అచ్చులో దొరికిన అన్నిటికన్నా పాత వాడుకను వెతకాలి. కాపీక్యాట్‌కు తరచుగా చూపించే పాత ఆధారం 1887 నాటిది. అమెరికా రచయిత్రి కాన్‌స్టెన్స్ కేరీ హారిసన్ రాసిన 'బార్ హార్బర్ డేస్' అనే పుస్తకంలో ఉంది. అప్పటికే అచ్చయిన దాన్ని తిరిగి రాసేవాణ్ని మా అబ్బాయిలు ఇలా అంటారు అని అందులో ఒక పాత్ర చెబుతుంది. ఆ మాట తీరు గమనించండి. 'మా అబ్బాయిలు అంటారు' అంటే, మాట అప్పటికే పిల్లల నోట నలుగుతోందని. ఆ రచయిత్రి దాన్ని పుట్టించలేదు, విన్నది రాసింది.

రెండో ఆధారం ఇంకా రుచికరం. సారా ఓర్న్ జ్యూయెట్ 1896లో అచ్చువేసిన 'ది కంట్రీ ఆఫ్ ది పాయింటెడ్ ఫర్స్'లో ఒక పెద్దావిడ ఈ కాలపు కుర్రకారంతా కాపీక్యాట్లే అంటుంది. అది విన్న ఇంకో పెద్దావిడ నవ్వి, ఈ మాట విని చాలా ఏళ్లయింది, మా అమ్మమ్మకు ఇష్టమైన మాట ఇది అంటుంది. కల్పిత పాత్రే, కాబట్టి దీన్ని పట్టుకుని అమ్మమ్మ పుట్టిన సంవత్సరం లెక్కకట్టకూడదు. కానీ ఆ ప్రాంతపు మాటతీరు బాగా ఎరిగిన రచయిత్రి 1896లో దీన్ని పాతకాలపు మాటగా చూపిందంటే, నోటి మాటగా దీని వయసు 1887 కన్నా చాలా వెనక్కి వెళుతుందనుకోవడంలో తప్పులేదు. ఇంకో సంగతి: బార్ హార్బర్ ఊరూ, జ్యూయెట్ రాసిన తీరప్రాంతమూ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలోనివే. మాట అక్కడే పుట్టిందనడానికి రెండు ఆధారాలు చాలవు గానీ, ఇంకా పాత వాడుకలు వెతకదలిస్తే మొదట ఏ మూల తవ్వాలో తెలుస్తుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. 'మొదటి ఆధారం 1887' అన్నదాన్ని 'మాట 1887లో పుట్టింది' అని రాసేస్తారు. పిల్లల తిట్లు, వంటింటి మాటలు, పనివాళ్ల మాటలు అచ్చులోకి ఎక్కడానికి దశాబ్దాలు పట్టవచ్చు. 'కనీసం 1887 నాటికి వాడుకలో ఉంది' అని రాస్తే చాలు. రేపు ఎవరైనా ఇంకా పాతది పట్టుకొచ్చినా ఆ వాక్యం తప్పు కాదు.

సొంతంగా వెతకదలిస్తే గూగుల్ బుక్స్ మంచి చోటు. అయితే దాన్ని గుడ్డిగా నమ్మితే మోసపోతాం. ముందు మాటను మూడు రూపాల్లోనూ వెతకాలి: కలిపి ఒకటిగా, మధ్యలో అడ్డుగీతతో, విడిగా రెండు మాటలుగా. పాత పుస్తకాల్లో చివరి రెండూ ఎక్కువ. విడి మాటలుగా వెతికేటప్పుడు కొటేషన్ గుర్తులు పెట్టకపోతే ఒక పేజీలో కాపీ, ఇంకో పేజీలో పిల్లి ఉన్న పుస్తకాలన్నీ వచ్చిపడతాయి. గుర్తులు పెట్టినా ఒక చెత్త మిగులుతుంది. 'క్యాటలాగ్' అనే మాటను కుదించి 'క్యాట్' అని చుక్క పెడతారు. గ్రంథాలయ జాబితాల్లో 'కాపీ' పక్కనే ఈ కుదింపు పడితే యంత్రానికి అది కాపీక్యాటే. కాబట్టి పేజీ బొమ్మను తెరిచి కళ్లతో చదవనిదే ఏ ఫలితాన్నీ లెక్కలోకి తీసుకోవద్దు.

తేదీలతో ఇంకా జాగ్రత్త. పత్రికల సంపుటాల్ని ఎక్కించేటప్పుడు ఆ పత్రిక మొదలైన సంవత్సరాన్నే అన్ని సంపుటాలకూ వేసేయడం ఈ నిధిలో తరచూ కనిపించే తప్పు. 1850 అని చూపించిన సంపుటం నిజానికి 1910 నాటిది కావచ్చు. ముఖపత్రం మీద అచ్చయిన సంవత్సరం చూడాలి. అది కనిపించకపోతే లోపలి ప్రకటనల్లో, వార్తల్లో ఉన్న తేదీలు చూడాలి. ముఖపత్రమూ లేదు, పేజీ పూర్తిగానూ తెరుచుకోదు అంటే, ఆ ఆధారాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

వాడుక ఎప్పుడు పెరిగిందో చూడటానికి గూగుల్ వాళ్లదే ఎన్‌గ్రామ్ వ్యూయర్ అనే గీతల పటం ఉంది. 2010 నుంచి నడుస్తోంది. అందులో గీతను నునుపు చేసే అమరిక ఒకటుంటుంది. దాన్ని 0కి తగ్గించకపోతే పక్క సంవత్సరాల సగటు కలిసిపోయి, మాట అసలు కంటే ముందే పుట్టినట్టు కనిపిస్తుంది. కనీసం 40 పుస్తకాల్లో లేని మాట ఆ పటంలోకి ఎక్కనే ఎక్కదు. అంటే తొలి వాడుకను పట్టడానికి అది పనికిరాదు, మాట ఎప్పుడు బాగా వ్యాపించిందో చూడటానికే పనికొస్తుంది. ఈ రెండు పనులూ కలగలిపేసిన వ్యాసాలు కోకొల్లలు.

పిల్లికూనల కథను ఏం చేయాలి

కాపీక్యాట్ గురించి ఎక్కువగా వినిపించే వివరణ ఇది: పిల్లికూనలు తల్లిని చూసి వేట నేర్చుకుంటాయి కాబట్టి ఈ మాట వచ్చింది. వినడానికి చక్కగా ఉంది. పిల్లికూనలు చూసి నేర్చుకోవడం నిజమే కూడా. మీట నొక్కి తిండి తెచ్చుకునే తల్లిని చూసిన కూనలు, పరాయి పిల్లిని చూసిన కూనల కంటే తొందరగా ఆ పని నేర్చుకున్నాయని ఫిలిస్ చెస్లర్ 1969లో 'సైన్స్' పత్రికలో చూపారు.

అయినా అది మాట పుట్టుకకు రుజువు కాదు. జంతువు గురించిన నిజం ఒకటి, మాట గురించిన నిజం ఇంకొకటి. పుట్టుక కథను ఒప్పుకోవాలంటే ఆ పోలికను మనసులో పెట్టుకుని మాటను వాడినట్టు పాత రాతల్లో ఎక్కడో ఒకచోట కనిపించాలి. ఇక్కడ చూపించిన రెండు పాత వాడుకల్లోనూ కూన లేదు, తల్లి లేదు, వేటా లేదు. పైగా ఆ కథ నిజమైతే 'స్కేర్డీ క్యాట్' సంగతేమిటో విడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. చులకన తోక అనే వివరణ రెండింటికీ ఒక్కసారే సరిపోతుంది. అందుకే నిఘంటుకారులు అటే మొగ్గుతారు. మొగ్గుతారనే రాయండి, తేల్చేశారని రాయకండి.

మన దగ్గరా ఇలాంటిదే ఉంది. 'మక్కికి మక్కి' దించేశాడు అంటాం. హిందీలో మక్ఖీ అంటే ఈగ. అసలు ప్రతిలో ఈగ చచ్చి అంటుకుని ఉంటే, నకలు రాసేవాడు ఇంకో ఈగను చంపి తన ప్రతిలో అదే చోట అంటించాడని కథ చెబుతారు. కథ భలే ఉంది. కానీ మాట నుంచి కథ పుట్టిందా, కథ నుంచి మాట పుట్టిందా అని అడగడం మానకూడదు. ఇంత చక్కగా అతికే కథ ఎదురైనప్పుడల్లా ఒకింత అనుమానించడం మంచిది. మాటల పుట్టుకలు సాధారణంగా ఇంత నాటకీయంగా ఉండవు.

పలకడం, రాయడం, వాక్యంలో పెట్టడం

తెలుగులో 'కాపీక్యాట్' అని రాస్తాం గానీ ఇంగ్లీషు పలుకుబడిలో ఊనిక అంతా మొదటి అక్షరం మీదే. రెండోది పొట్టి, 'పీ' అని సాగదీయకూడదు. మూడోదానిలో యకారం లేదు. మన లిపిలో ఆ అచ్చుకు గుర్తు లేక 'క్యా' అని రాస్తున్నాం, అంతే. ఆ ధ్వని మాత్రం మన నోట్లో ఉంది. 'మేకు' అని, తర్వాత 'మేక' అని పలికి చూడండి. మేకలో 'ఏ' కాస్త వెడల్పుగా పలుకుతుంది. దాన్నే పొట్టి చేస్తే 'క్యాట్'లో ఉన్న అచ్చుకు దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు దీన్ని ఒకే మాటగా కలిపి రాస్తున్నారు. నామవాచకంగా బహువచనం ఉంది. ఇంకో నామవాచకం ముందు విశేషణంలా కూడా నిలుస్తుంది. క్రియగా అరుదు. క్రియగా వాడితే 'ఇంగ్' ముందు చివరి 'టి' రెట్టింపవుతుంది. నిజానికి క్రియ కావాలంటే ఉత్త 'కాపీ' చాలు, పిల్లిని లాక్కురానక్కర్లేదు.

పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాయడాన్ని మనం 'కాపీ కొట్టడం' అంటాం. ఈ అలవాటుతో అలా రాసినవాణ్ని కాపీక్యాట్ అంటే కుదరదు. ఇంగ్లీషులో వాడు 'చీట్'. మోసం వేరు, సొంత ఆలోచన లేకపోవడం వేరు. బొమ్మ గీసేటప్పుడు పక్కపిల్ల రంగులే వేసినవాడు కాపీక్యాట్, లెక్కల పరీక్షలో జవాబు దించినవాడు చీట్.

వార్తలు రాసేవాళ్లకు ఒక మాట. రెండు నేరాలు ఒకేలా ఉన్నంత మాత్రాన రెండోదాన్ని 'కాపీక్యాట్' అనలేం. ఆ మాటలో 'మొదటిది చూసే చేశాడు' అనే ఆరోపణ ఉంది. రెండోవాడు మొదటి నేరం గురించి చదివాడనో, విన్నాడనో తేలేదాకా 'అదే తరహా' అంటే చాలు. వ్యాపార వార్తల్లో కూడా ఇంతే. కాపీక్యాట్ అనేది చట్టం వాడే పేరు కాదు. ఇంకొకరి గుర్తునే వేసి అసలుదిగా అమ్మితే 'కౌంటర్‌ఫీట్', అంటే నకిలీ. పేరు వేరే పెట్టి రూపం మాత్రం పోలేలా చేస్తే కాపీక్యాట్. మొదటిది నేరం. రెండోది నేరం కాకపోవచ్చు, అనుకరణ ఎంత దగ్గరగా ఉందన్నదాని మీద, కొనేవాళ్లు పొరబడతారా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కాపీక్యాట్ సరుకును 'నకిలీ' అని అనువదిస్తే లేని నేరం అంటగట్టినట్టవుతుంది.

పక్కింటి మాటలు

కాపీక్యాట్ కుదరని చోట ఏది వాడాలో తెలిస్తేనే దాని హద్దు తెలుస్తుంది.

అన్నిటికన్నా తప్పుగా వాడేది 'ఎమ్యులేట్'. లాటిన్‌లో 'ఏములుస్' అంటే పోటీదారు. కాబట్టి ఎమ్యులేట్ అంటే వట్టి అనుకరణ కాదు, గొప్పవాణ్ని చూసి అతనికి సాటి రావాలని, వీలైతే మించాలని పాటుపడటం. ఇందులో గౌరవం ఉంది. గురువుగారిని పొగిడే సభలో కావలసిన మాట ఇదే. చెడు పనికి దీన్ని వాడితే వాక్యం వింతగా ధ్వనిస్తుంది. 'దొంగను ఎమ్యులేట్ చేశాడు' అంటే దొంగను మెచ్చుకున్నట్టే. 1960లలో ఐబీఎం వాళ్లు పాత యంత్రాల కోసం రాసిన ప్రోగ్రాములు కొత్త యంత్రం మీద నడిచేలా చేసి దానికి 'ఎమ్యులేటర్' అనే పేరు వాడారు. పాతదానికి సాటిగా పనిచేయడమన్న అర్థం అక్కడా నిలిచింది.

'మిమిక్' గ్రీకు 'మిమోస్' నుంచి వచ్చింది, అంటే అభినయించే నటుడు. గొంతు, నడక, ముఖకవళికలు పట్టడానికి ఇదే సరైన మాట. తెలుగులో మిమిక్రీ అంటే గొంతులు అనుకరించే కళగా స్థిరపడిపోయింది గానీ ఇంగ్లీషులో దాని పరిధి పెద్దది. పక్షులు తినని చేదు సీతాకోకచిలుకల రంగుల్ని తినదగినవి తొడుక్కోవడాన్ని హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకల ఆధారంగా వివరించారు. దాన్ని ఇప్పటికీ 'బేట్సియన్ మిమిక్రీ' అంటారు. ఇక్కడ స్పెల్లింగు దగ్గర అందరూ జారతారు. 'మిమిక్' చివర 'సి' ఉంది. దానికి 'ఇడి', 'ఐఎన్‌జి' చేర్చేటప్పుడు మధ్యలో 'కె' పెట్టాలి. ఎందుకంటే 'ఇ', 'ఐ' ముందు 'సి' సకారంగా మారిపోతుంది, కకారాన్ని కాపాడాలంటే 'కె' అడ్డు నిలవాలి. 'పిక్నిక్', 'పానిక్'లదీ ఇదే దారి. 'మిమిక్రీ'లో మాత్రం 'సి' తర్వాత 'ఆర్' వస్తుంది, ప్రమాదం లేదు, 'కె' అక్కర్లేదు.

'ఏప్' అంటే తోకలేని కోతి. 17వ శతాబ్దం నుంచి 'తెలివి లేకుండా అనుకరించు' అనే క్రియగా నడుస్తోంది. కాపీక్యాట్ కంటే బరువైన తిట్టు. పద్ధతుల్ని, ఫ్యాషన్లను ఏప్ చేశారంటే సరిపోతుంది. మనిషినే ఏప్ అని గానీ, మంకీ అని గానీ అనకండి. నల్లజాతివాళ్లను అవమానించడానికి ఆ మాటల్ని వాడిన చరిత్ర ఉంది కాబట్టి, ఎంత సరదాగా అన్నా అది జాత్యహంకారపు తిట్టుగానే వినపడుతుంది. 'పారట్' అర్థం తెలియకుండా వల్లించడానికే, మన చిలకపలుకులే. దానికి ఇంకేం చెప్పనక్కర్లేదు. 'ఇంపర్సొనేట్' ఇంకొకరిగా చలామణీ కావడం. వేదిక మీదైతే వినోదం, బ్యాంకులో అయితే కేసు.

'ప్లేజరైజ్' పుట్టుక మాత్రం చెప్పుకోదగ్గది. లాటిన్‌లో 'ప్లాజియారియుస్' అంటే మనుషుల్ని ఎత్తుకుపోయేవాడు. ఒకటో శతాబ్దపు రోమన్ కవి మార్షల్, తను రాసిన పద్యాల్ని సొంతవిగా చెప్పుకుని తిరిగిన ఇంకొకడి మీద ఈ తిట్టు విసిరాడు. రచన బిడ్డలాంటిదైతే, దాన్ని దొంగిలించినవాడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాడే కదా. కాపీక్యాట్ పక్కన పెట్టి చూస్తే బరువు తెలుస్తుంది. ఇంకొకరి శైలిలో సొంతంగా రాసినవాణ్ని కాపీక్యాట్ అనవచ్చు. ఇంకొకరి వాక్యాల కింద తన పేరు పెట్టుకున్నవాడు చేసింది ప్లేజరిజం.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఒక్క తెలుగు మాట అన్ని చోట్లా సరిపోదు. పిల్లల సంభాషణలో అయితే 'కాపీరాయుడు' చక్కగా అతుకుతుంది, ఆడపిల్ల అయితే 'ఊరికే నన్ను చూసి చేస్తుంది' అనడమే సహజం. నేర వార్తల్లో 'చూసి చేసిన నేరం', 'అదే తరహా నేరం'. సరుకుల గురించి 'పేరున్నదాన్ని పోలిన సరుకు'. స్తోమతకు మించి, ఫలితం తెలియకుండా అనుకరించి దెబ్బతిన్నవాడి గురించి అయితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత ఉండనే ఉంది. కానీ అది కాపీక్యాట్‌కు సమానం కాదు. ఆ నక్కకు వాత మిగిలింది. కాపీక్యాట్‌కు దెబ్బ తగలాలన్న నియమం లేదు, చాలాసార్లు లాభమే మిగులుతుంది. పదిమందీ పోతున్నారని తనూ పోయేవాడిది గొర్రెదాటు. అక్కడ ఫలానా మనిషిని చూసి చేయడం ఉండదు, మంద వెంట పడిపోవడమే. కాపీక్యాట్ అనాలంటే ఎవరిని చూసి చేశాడో వేలు పెట్టి చూపించగలగాలి.

'అనుకరణ' అని మాత్రమే రాయాల్సి వస్తే, మూలంలో ఉన్న నిరసనను పక్క మాటలో నింపాలి: 'వట్టి అనుకరణ', 'గుడ్డి అనుకరణ', 'చవకబారు అనుకరణ'. ఏది ఎంచుకోవాలో మూల వాక్యంలో కోపం ఎంతుందో చూసి నిర్ణయించుకోవచ్చు. పిల్లల కథలో 'చవకబారు' మరీ ఘాటు, సరుకుల మీద సమీక్షలో 'వట్టి' మరీ చప్పన.